సాలార్‌జంగ్ సామాను ఎవల సొత్తు?

పట్నం వోయొచ్చినోళ్లను అడుగుండ్రి, ఏమేం జూసిండ్రని. చార్మినార్, ట్యాంక్‌బండ్, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం అని ఏళ్లు మడిచి లెక్కవెడ్తరు. మ్యూజియంల ఏం జూసిండ్రు అంటె గడియారం అంటరు. ఇంకా అడిగితె ముసుగేసుకున్న రాతి బొమ్మ అంటరు. ఇంతకు గా సాలార్‌జంగ్ ఎవరు, గాయింత సామాను ఏడికెళ్లి దెచ్చిండు, ఎవల పైసలతోటి దెచ్చిండు అంటె మాత్రం చానామంది నవాబు అని ఒక్క ముక్క చెప్పి ఊకుంటరు.

నేను గూడ గట్లనే ఉంటి. ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు మా బడి పిల్లగాండ్లను సార్లు బస్సుల పట్నం తోల్కవోయిండ్రు. మ్యూజియంల లైను తప్పొద్దు, ఏది ముట్టొద్దు, జల్ది నడువుండ్రి అని ఒకటే తొందర. గడియారం ముంగట కూసున్నం. గంట కొట్టినంక లేసినం. మల్ల బస్సెక్కినం. ఇంటికొచ్చి మా అవ్వకు చెప్పిన, పెద్ద బంగ్ల, లోపలంత దొరల సామానే అని. దొరలది అనంగనే అది మనది గాదు అని నా మనసుల గట్టిగ వడ్డది. గా ఆలోచన తప్పని తెల్సుకునేతందుకు నాకు పదిహేనేండ్లు వట్టింది.

గందుకే ఇయ్యాల గాయన కథ చెప్త. పొగిడేతందుకు గాదు, తిట్టేతందుకు గాదు. లెక్క జూసేతందుకు.

తాత, నాయిన, మనుమడు

మొదలు ఒక ముడి ఇప్పాలె. సాలార్‌జంగ్ అనేది పేరు గాదు, బిరుదు. ఒకటే ఇంట్ల ముగ్గురికి వచ్చింది.

మొదటాయన మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853ల, 24 ఏండ్ల వయసుల నిజాం రాజ్యానికి దివాన్ అయిండు. దివాన్ అంటె ఇప్పటి లెక్కల ప్రధానమంత్రి. 1883ల కాలం జేసేదాక, ముప్పై ఏండ్లు, గదే కుర్చీల ఉన్నడు. మీది ఏ జిల్లా అని ఇయ్యాల మనం ఒకలనొకలం అడుగుకుంటం గదా, గా జిల్లాల ఏర్పాటు గాయన కాలంల 1865ల జిల్లాబందీ తోటి మొదలైందే. 1876ల గాయన యూరప్ వోయిండు. గప్పుడే రోమ్‌ల బెంజోనీ అనే శిల్పి చెక్కిన రెబెకా బొమ్మ కొన్నడు. పాలరాయిని చెక్కితె అది పల్చటి తడి ముసుగు తీరు మొకం మీద జారినట్టు కనవడ్తది. ముసుగు ఎనక ముక్కు, పెదవులు తెలుస్తయి. అది రాయే అని ఎన్నిసార్లు చెప్పుకున్నా కన్ను నమ్మది.

రెండో ఆయన మీర్ లాయక్ అలీ ఖాన్. మూడేండ్లు దివాన్‌గిరి చేసి 1887ల దిగిపోయిండు. రెండేండ్లకే, చిన్న వయసులనే వోయిండు.

మూడో ఆయన మీర్ యూసుఫ్ అలీ ఖాన్. మ్యూజియం కథ ఈయనదే. 1889 జూన్ 13న పుణెల పుట్టిండు. నెల నిండకముందే తండ్రి సచ్చిపోయిండు. మొకం యాదికుండే వయసు గూడ గాదు. తండ్రి లేని పసిపోరని పేరు మీద ఇంత పెద్ద జాగీరు. పోరడు పెరిగి పెద్దగయ్యేదాక గా జాగీరును నిజాం సర్కారే జూసుకున్నది.

1911ల ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిండు. మరుసటేడు, 1912ల, యూసుఫ్ అలీ ఖాన్‌ను దివాన్ చేసిండు. అప్పటికి గాయనకు 23 ఏండ్లు. మీల చానామంది గీ వయసుల డిగ్రీ అయిపోయి నౌకరి కోసం తిరుగుతుంటరు. గాయనకేమో తాత కూసున్న కుర్చీ, తండ్రి కూసున్న కుర్చీ, మొత్తం ఒక రాజ్యం నడిపే పని. రెండేండ్లకు కొంచెం ఎక్కువ ఉన్నడు. 1914ల దిగిపోయిండు. నిజాంకు, గాయనకు పొసగలేదని అంటరు. గాయన దిగినంక నిజాం ఇంకో దివాన్‌ను వెట్టకుంట 1919 దాక సొంతంగనే రాజ్యం నడుపుకున్నడు.

అంటె 25 ఏండ్లకే గాయన రాజకీయం ఒడిసిపోయింది. మల్ల కుర్చీ ఎక్కలే. పెండ్లి గూడ చేసుకోలే. ఇంక 35 ఏండ్ల బతుకు ముంగట ఉన్నది. పైసలున్నయి, టైమున్నది, పెద్ద ఇల్లున్నది. గీ మూడు ఉన్న నవాబులు పట్నంల ఇంకా చానామంది ఉండిరి. గుర్రాల పందేలు, దావత్‌లు, పటాకులు, వేటలు అని ఎగరగొట్టినోళ్లు ఉన్నరు. వాళ్ల ఎనక ఏం మిగలలే. గీయన మాత్రం కొనుడు వెట్టిండు.

దివాన్ దేవిడి ముంగట బేరగాండ్లు

దివాన్ దేవిడి అంటె వీళ్ల వంశం ఉండే మాలు. మూసీ నదికి దక్షిణం దిక్కు, చార్మినార్‌కు దగ్గర్ల, పాతబస్తీ నడుమ ఉంటుండె. లోపల అద్దాల గది అయినాఖానా, పింగాణి సామాన్ల గది చీనీఖానా అని ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు. గా దేవిడి గడపకు దేశదేశాల బేరగాండ్లు వచ్చుడు షురువైంది. మంచి వస్తువు ఉంటె సాలార్‌జంగ్ కొంటడని పేరు వడ్డది. దూరదేశాలకెళ్లి ఉత్తరాలు, వస్తువుల జాబితాలు వస్తుండె. గాయన సుత యూరప్, అరబ్బు దేశాలు తిరిగి కొనుక్కొస్తుండె.

ఏం కొన్నడంటె, ఏం కొనలేదని అడుగుడే సులువు. చైనా, జపాన్ పింగాణి, ఫ్రాన్స్ బల్లలు, ఇరాన్ తివాచీలు, మొగలుల కాలం నాటి జేడ్ రాయి సామాను, జహంగీర్ పాదుషా బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి, బీదర్ల చేసిన బిద్రీ గిన్నెలు, రవివర్మ పటాలు, చేతిరాత పుస్తకాలు, పిల్లలాడుకునే బొమ్మలు. చేతికర్రలు గూడ ఇడ్వలే. ఇప్పుడు మ్యూజియం లెక్కల కళావస్తువులే 40 వేలు దాటుతయి. చేతిరాత గ్రంథాలు, అచ్చు పుస్తకాలు వేరే.

అందరు జూసే గడియారం గూడ గాయన కొన్నదే. కలకత్తాల కుక్ అండ్ కెల్వీ కంపెనీది. గంట గంటకు చిన్న గడ్డం మనిషి తలుపు తీస్కొని బయటికొస్తడు, ఎన్ని గంటలైతె అన్ని దెబ్బలు కొడ్తడు, మల్ల లోపలికి వోతడు. పక్కన ఇంకొకడు కమ్మరోని లెక్క సుత్తె పట్టుకొని సెకండు సెకండుకు కొడ్తనే ఉంటడు. అందరు గంట కొట్టెటోన్ని జూస్తరు. నా కన్ను మాత్రం సెకండ్లు కొట్టేటోని మీదనే ఉంటది. గంటకొకసారి బయటికొచ్చెటోనికి చప్పట్లు. పొద్దుమాపు ఆగకుంట పనిచేసేటోన్ని జూసెటోడు లేడు.

పైసలు ఏడికెళ్లి వచ్చినయి

గిక్కడ ఆగుండ్రి. గీ లెక్క ఎవలు చెప్పరు.

నిజాం రాజ్యంల దగ్గర దగ్గర మూడో వంతు భూమి జాగీర్ల కింద ఉంటుండె. సర్కారు భూమిల దున్నెటోడు శిస్తు సర్కారుకు కడ్తడు. జాగీరుల దున్నెటోడు కట్టే శిస్తు జాగీర్దారు ఇంటికి వోతది. సాలార్‌జంగ్ జాగీరు చిన్నది గాదు. 300కు పైగా ఊర్లు. ఇప్పటి కర్ణాటకల ఉన్న కొప్పళ, మహారాష్ట్రల ఉన్న అజంతా, మన పాలమూరు దిక్కు కోస్గి, ఇవన్ని గాయన జాగీరే.

మాది కోస్గి దిక్కు ఊరే. మా తాత తండ్రి వడ్ల పని చేసెటోడు. నాగండ్లు, గొర్రులు, బండి గీరలు చేసి ఇస్తె రైతులు కళ్లం కాడ గింజలు వెడ్తుండె. రైతు పండిస్తెనే ఆయనకు గింజ. రైతు పంటల మొదటి ముద్ద శిస్తుకు. వానలు వడకున్నా శిస్తు ఆగది. మా తాత చిన్నప్పుడు దేవిడోళ్ల శిస్తు అనే మాట ఇన్నడట. గా దేవిడి ఏడున్నదో, అండ్ల ఎవరుంటరో, గా పైసలు ఏమైతయో ఊర్ల ఎవలకు తెల్వదు.

ఏమైనయో ఇప్పుడు నాకు తెలుసు. కొన్ని కలకత్తాకు వోయి గడియారమై వచ్చినయి. కొన్ని చైనా గిన్నెలైనయి. కొన్ని ఫ్రాన్స్ కుర్చీలైనయి. పాలమూరు జొన్న, కొప్పళ పత్తి, అజంతా రైతుల చెమట, అన్ని కలిసి అద్దాల పెట్టెల కూసున్నయి. గా వస్తువుల పక్కన ఏ దేశందో, ఏ కాలందో రాసి ఉంటది. ఎవల కళ్లం కెళ్లి వచ్చిందో రాసి ఉండది.

గట్లని యూసుఫ్ అలీ ఖాన్‌ను ఒక్కన్నే దొంగ అంటె అది సగం మాటే అయితది. గాయన జాగీరు పెట్టలే, జాగీరుల పుట్టిండు. గని మంచోడు, కళలంటె పానం వెట్టెటోడు అని చెప్పి ఊకుంటె గూడ అది సగం మాటే. రెండు సగాలు పక్కపక్కన పెట్టుకోవాలె. గప్పుడే మనిషి మొత్తం కనవడ్తడు.

వీలునామా లేని సొత్తు

1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయింది, నిజాం రాజ్యం ఒడిసింది. 1949 మార్చి 2న సాలార్‌జంగ్ సచ్చిపోయిండు. 59 ఏండ్లు. పాతబస్తీలనే మీర్ మోమిన్ దాయిరాల మట్టి చేసిండ్రు. ఆఖరి దినాలల్ల గూడ కొంటనే ఉన్నడని, టిప్పు సుల్తాన్‌వని చెప్పే ఏనుగు దంతం కుర్చీలే ఆఖరి సరుకని చెప్తరు. గదే ఏడు ఆగస్టు 15న జాగీర్లను రద్దు చేస్తున్నట్టు చట్టం వచ్చింది. ఆఖరి సాలార్‌జంగ్ వోయిన అయిదున్నర నెలలకు జాగీరు గూడ వోయింది.

ఇగ దేవిడి నిండ సామాను. పిల్లలు లేరు. నేరుగ వారసుడు లేడు. నాకంటె నాకు అని సుట్టాలు శానామంది. గట్లాంటప్పుడు ఏమైతదో మన ఊర్లల్ల అందరికి తెలుసు. పెద్దమనిషి సచ్చిన ఇంట్ల పదో దినం కాకముందే బిందెలు, గంగాళాలు లెక్కకు రావు. గీడ గూడ శాన సామాను నౌకర్ల చేతుల మీదికెళ్లి, మాలు మారేటప్పుడు మాయమైందని, ఇప్పుడు ఉన్నది కొన్నదాంట్ల సగమే అని పాతబస్తీల చెప్పుకుంటరు. మిగిలింది గూడ పంపకాలకు వోతే, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క దేశంల వేలానికి వోతుండె.

గది కాలేదు. గప్పటి ముఖ్య పాలకుడు వెల్లోడి గీ సామానంత ఒక్కతాన ఉంచి జనానికి చూపియ్యాలె అనుకున్నడు. కళలు తెలిసిన జేమ్స్ కజిన్స్ అనే పెద్దమనిషిని పిలిపిచ్చి, దేవిడిలనే గదులల్ల ఒద్దికగ పెట్టిచ్చిండు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి దివాన్ దేవిడి దర్వాజలు జనానికి తెరిచిండు. దొర లేని ఇంట్లకు మామూలు మనుషులు టికెట్టు కొనుక్కొని వోయిండ్రు.

తర్వాత వారసులు, సర్కారు 1958ల కోర్టుల రాజీ కుదుర్చుకున్నరు. సామానంత దేశానికి వచ్చింది. 1961ల పార్లమెంటు చట్టం చేసి, జాతికి ముఖ్యమైన సంస్థ అని పేరు వెట్టింది. పాత దేవిడి సరిపోతలేదని మూసీ ఒడ్డున, దారుల్‌షిఫా కాడ కొత్త బంగ్ల కట్టిండ్రు. 1968ల సామానంత అండ్లకు మారింది. సగం చంద్రుని ఆకారంల ఉన్న గీ సిమెంటు బంగ్లనే మనం ఇయ్యాల జూస్తున్నది. తర్వాత రెండు పక్కల ఇంకో రెండు బంగ్లలు కట్టి, ఒకదానికి తాత పేరు, ఒకదానికి తండ్రి పేరు వెట్టిండ్రు.

మా నాయిన ఆగిన జాగ

మూడేండ్ల కింద మా నాయినకు కండ్లల్ల పొర వస్తె దవాఖానకని పట్నం తోల్కొచ్చిన. ఆపరేషన్ అయి, కన్ను తేటగైనంక, ఊరికి వోయే ముంగట ఏమన్న జూపిద్దామని మ్యూజియంకు తీస్కవోయిన. నాయిన మొదలు రానన్నడు. గసుంటి తాన మనకేం పని, చెప్పులు ఇడ్వాల్నా, ఎవరన్న కసిరితె ఎట్ల అని ఒకటే భయం. టికెట్టు సినిమా టికెట్టు కన్న తక్కువే అని చెప్తె కదిలిండు.

గడియారం కాడ నిలవడలే. పింగాణి జూసి తల ఊపిండు. ఒక్కతాన మాత్రం కాళ్లు పాతుకొని నిలవడ్డడు. రెండు మొకాల కట్టె బొమ్మ. ముంగట జూస్తె మెఫిస్టోఫెలిస్ అనే దయ్యం, నిక్కి నిలవడ్డడు, పొగరు నవ్వు. ఎనక జూస్తె మార్గరెట్టా అనే పిల్ల, తల వంచుకొని ఉంటది. జర్మనీ కవి గెథే రాసిన ఫౌస్ట్ కథల మనుషులు వీళ్లు. ఎనక అద్దం వెట్టిండ్రు గన్క ఒక్కపారే ఇద్దరు కనవడ్తరు. ఇద్దరూ ఒకటే సైకమోర్ మొద్దుల చెక్కినోళ్లు.

మా నాయినకు ఫౌస్ట్ తెల్వదు, దయ్యం తెల్వదు. కట్టె తెలుసు. పక్కకు వంగి ఈనె ఎటు పారిందో జూసిండు. ఒక దిక్కు రొమ్ము ముంగటికొస్తె ఇంకో దిక్కు ఈపు లోపలికి వోవాలె, ఒక దెబ్బ ఎక్కువ పడితె రెండు మొకాలు ఖరాబైతయి, గిది చెక్కినోడు ఉలి వట్టే ముంగట ఎన్ని దినాలు మొద్దు ముంగట ఊకె కూసున్నడో అని తనల తనే అనుకున్నట్టు చెప్పిండు. ఇరవై నిమిషాలు ఆన్నే. చెక్కినాయన పేరేందని అడిగిండు. పేరు లేదు. మన పని గంతే అన్నట్టు తల ఊపి కదిలిండు.

గా ఇరవై నిమిషాలల్ల నాకు అర్థమైంది. గా బొమ్మను కొన్న నవాబు కన్న, దాని పక్కన నిలవడి ముచ్చట్లు చెప్పే గైడు కన్న, నా తండ్రికే అది ఎక్కువ తెలుసు. శిస్తు తోవల జూసినా, చేతిపని తోవల జూసినా, గా బొమ్మ ఆయన సొత్తు. గని లోపలికి వచ్చేతందుకు భయపడ్డది గూడ ఆయనే.

బయటికొచ్చి దివాన్ దేవిడి ఏడున్నదని అడుగుకుంట నడిసినం. చత్తాబజార్ గల్లీలు దాటి వోతే దుకాండ్ల నడుమ పాత దర్వాజలు కనవడ్డయి. మాలు లేదు. అయినాఖానా లేదు, చీనీఖానా లేదు. దుకాండ్లు, కాంప్లెక్సులు. మా తాతలు శిస్తు వంపిన దేవిడి గిదే అని నాయినకు చెప్పిన. ఆయన దర్వాజను పైకెళ్లి కిందికి జూసిండు. ఏమనలే. ఆటో ఎక్కినంక, దేవిడి వోయింది గని కట్టె బొమ్మ మిగిలింది, మంచిదే అయింది అన్నడు.

నేను చెప్పొచ్చేది

తమ్ముండ్లు, చెల్లెండ్లు, సాలార్‌జంగ్ మ్యూజియం మనకు నవాబు వెట్టిన దానం గాదు. గాయన కండ్లు మంచియి, ఏరి ఏరి కొన్నడు, పగులకుంట కాపాడిండు. గా పుణ్యం గాయనదే, ఇయ్యాలె. గని ఇది జనానిదని రాసియ్యలే. పైసలు రైతులయి, పనితనం పేరు లేని పనోళ్లది, జనానికి చేర్చింది చట్టం. గందుకే అండ్లకు సుట్టం లెక్క గాదు, ఇంటోని లెక్క వోవాలె.

ఇంటోడు ఎట్ల జూస్తడు? ఒక్కపూటల ముప్పైకి పైగా గ్యాలరీలు ఉరుకడు. శుక్రవారం బంద్ ఉంటది, ఆ దినం తప్పిచ్చి వొద్దుగాల్నే వోండ్రి. మొదలు రాతి బొమ్మల కాడికి వోండ్రి. ఖమ్మం దిక్కు నేలకొండపల్లి బుద్ధుడు నిలవడి ఉంటడు, పదిహేడు వందల ఏండ్ల నాటోడు. ఆయన ఊరు మన ఊరే. ఆ తర్వాత బిద్రీ సామాను. నల్లటి లోహం మీద ఎండి తీగ. గా నలుపు బీదర్ కోట మట్టితోటి వస్తది. మీ ఇంట్ల నేసెటోళ్లుంటె బట్టల కాడ, కంసలోళ్లుంటె నగల కాడ, వడ్లోళ్లుంటె కట్టె బొమ్మ కాడ ఎక్కువసేపు నిలవడుండ్రి. పన్నెండు కొట్టే టైముకు గడియారం కాడికి రాండ్రి. గంట కొట్టెటోన్ని జూడుండ్రి. పక్కన సుత్తె కొట్టేటోన్ని గూడ జూడుండ్రి.

వీలైతె అమ్మనో నాయిననో తోల్కవోండ్రి. వాళ్లు ఏ వస్తువు కాడ ఆగుతరో జూడుండ్రి. జల్ది నడువుమని మాత్రం అనకుండ్రి.